రికార్డు ప్లేయర్‌లో గుయ్‌మనే మోత: ఎక్కడ పుడుతోందో ఇలా పట్టుకోండి

నానా, దాదాల కాలపు ఎల్పీ రికార్డులు చాలా ఇళ్లలో ఇంకా అలమారాల్లో ఉన్నాయి. హబీబ్ పెయింటర్ ఖవ్వాలీలు, మన హైదరాబాద్ ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పాటలు, బేగం అఖ్తర్ గజళ్లు... వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి పిల్లలకు అందించాలని అనుకునేవారు ఉన్నారు. తీరా రికార్డు పెడితే పాట వెనక గుయ్‌మని ఒకటే మోత!

"తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీసేద్దాంలే" అనుకోకండి. అది మోతతో పాటు హార్మోనియం శ్రుతినీ, ఢోలక్ దెబ్బలోని బరువునూ కొంత తినేస్తుంది. పైగా ఆడించిన ప్రతిసారీ రికార్డు ఎంతో కొంత అరుగుతుంది. అందుకే ముందు మోత సంగతి చూసుకుని, ఆ తర్వాతే రికార్డింగ్ మొదలుపెట్టాలి.

ఎందుకింత మోత?

సూదిని పట్టుకుని ఉండే కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. మామూలు మూవింగ్ మాగ్నెట్ రకంలో సుమారు 5 మిల్లీవోల్టులే. ఫోనో ప్రీయాంప్ దాన్ని దాదాపు 100 రెట్లు పెంచుతుంది. రికార్డు తయారుచేసేటప్పుడు బేస్ తగ్గిస్తారు కాబట్టి, ప్రీయాంప్ దాన్ని మళ్లీ పెంచాలి. 50 హెర్ట్జ్ దగ్గర ఈ పెంపు అదనంగా సుమారు 7 రెట్లు ఉంటుంది. మన ఇంటి కరెంటు కూడా 50 హెర్ట్జే! అందుకే వైర్లలోకి దూరిన పిసరంత కరెంటు మోత కూడా గట్టిగా వినిపిస్తుంది.

కొలవడం ఎలా?

ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. పాటలో గట్టిగా వచ్చే చోట మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉండేలా రికార్డింగ్ లెవెల్ పెట్టుకోండి. ఇక దాన్ని కదపొద్దు. వైర్లు మార్చేటప్పుడు స్పీకర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. ఒక్కో దశలో 30 సెకన్లు రికార్డు చేయండి:

1. ప్రీయాంప్ ఇన్‌పుట్‌లకు షార్టింగ్ ప్లగ్గులు పెట్టి.
2. ప్లేయర్ వైర్లు కలిపి, మోటారు ఆపి.
3. మోటారు తిరుగుతుండగా, సూది పైకెత్తి.
4. రికార్డు మొదట్లో పాట లేని గాడిలో సూది పెట్టి.

తర్వాత అనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచి, సైజు 16384 పెట్టి, 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర శిఖరాలు ఎంత ఎత్తున్నాయో రాసుకోండి. 6 డెసిబెల్స్ తగ్గిందంటే మోత సగమైనట్టు.

ఏ దశలో వస్తే ఏం చేయాలి?

మొదటి దశలోనే ఉంటే తప్పు ప్రీయాంప్‌దో, దాని అడాప్టర్‌దో, కంప్యూటర్‌దో. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత పోతే దారి దొరికినట్టే.

రెండో దశలో మొదలైతే ప్లేయర్ నుంచి వచ్చే సన్నని గ్రౌండ్ వైరు ప్రీయాంప్ స్క్రూకి గట్టిగా బిగించారా చూడండి. చాలాసార్లు లోపం ఇక్కడే ఉంటుంది. ప్రీయాంప్‌ను యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక మీటరు దూరం జరపండి. సిగ్నల్ వైర్లను కరెంటు వైర్లతో కలిపి కట్టకండి.

మూడో దశలో, ఎత్తిన సూదిని మధ్యకు జరిపేకొద్దీ మోత పెరిగితే, మోటారు అయస్కాంత క్షేత్రాన్ని కార్ట్రిడ్జ్ పట్టుకుంటోందన్నమాట. షీల్డింగ్ మెరుగ్గా ఉన్న కార్ట్రిడ్జ్ వాడాలి.

నాలుగో దశలో మాత్రమే వచ్చే చిటపటలు దుమ్మువి. రికార్డునూ, సూదినీ శుభ్రం చేస్తే తగ్గుతాయి.

ఒక్క జాగ్రత్త: మోత తగ్గుతుందని ఎవరైనా చెప్పినా, పవర్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్ తీసేయకండి. అది ప్రాణాలు కాపాడే పిన్.

ఎంత తగ్గితే చాలు?

మోత పూర్తిగా సున్నా కాదు. పాట లేని గాడిలో వచ్చే సహజమైన 'స్‌స్‌' శబ్దంలో గుయ్‌మనేది కలిసిపోయి విడిగా వినపడకపోతే చాలు. అప్పుడు రికార్డింగ్ బటన్ నొక్కండి. రేపు మీ మనవళ్లకు వినిపించేది పాటే, మోత కాదు.