తుది తెలిసిన కథ

మొన్న సుమ్మాదేవిలో టెలివిజనుపై విజ్ఞానకల్పన కథ యొకటి చూచితిని. నాయకుడు కాలయంత్ర మెక్కి భవిష్యత్తునకు పోయి, ఎక్కిన గడియకే తిరిగివచ్చెను. యంత్రము కదలకమునుపే మా మనుమడు తుది చెప్పివేసెను.

తుది తెలియుట దోషము కాదు. రామాయణపు తుది ఎవరికి తెలియదు? పోయివచ్చినవానికి నష్ట మేమియు లేకపోవుటయే దోషము. 1895లో వెల్సు కాలయంత్రమును గూర్చి వ్రాసెను. 1991లో ‘ఆదిత్య 369’ దానిని తెలుగుతెరకు తెచ్చెను. శాస్త్రము మాత్ర మంత చను వీయదు. మిక్కిలి వేగముగా ప్రయాణించువాని గడియారము మెల్లగా నడచునని 1905 నాటి ఐన్‌స్టైను సిద్ధాంతము. ఆ త్రోవను ముందునకు పోవచ్చును, వెనుకకు రాలేము.

భాగవతమున కకుద్మికి పట్టిన గతి యిదియే. కూతురు రేవతికి వరు నడుగుటకై బ్రహ్మలోకమునకు పోయి, అచట గానము ముగియువరకు నిలిచెను. అంతలో భూలోకమున 27 చతుర్యుగములు గడచెను. అతడు తలచిన వరులే కాదు, వారి మనుమల పేరులును మాసిపోయెను. మరలివచ్చి, తనవారు విడిచిపోయిన పట్టణమును చూచి, రేవతిని బలరామున కిచ్చి, బదరికి తపమునకు పోయెను.