డ్రమ్ములో చేరే తడి

కడియం నర్సరీల మొక్కలు, రావులపాలెం అరటిగెలలు, అంబాజీపేట కొబ్బరికాయలు, భీమవరం చెరువుల చేపలు: గోదావరి జిల్లాల్లో వీటిలో చాలా భాగం టాటా ఏస్, బొలెరో పికప్ వంటి చిన్న సరుకు బళ్ళమీదే కదులుతోంది. ఈ తరహా బళ్ళకు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉండటం పరిపాటి. వెనక షూలు మార్చడం ఓపిక ఉన్నవాడు ఇంటి దగ్గర చేసుకోదగిన పనే. అయితే డెల్టాలో డ్రమ్ము విప్పినవాడు షూమీది లైనరు ఎంత అరిగిందో చూడటంతో ఆగకూడదు. తడి ఎక్కడ చేరిందో కూడా చూడాలి.

డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప గిన్నె. దాని లోపల రెండు వంపు షూలు, వాటి పై కొసల మధ్య వీల్ సిలిండరు ఉంటాయి. పెడలు తొక్కగానే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి సిలిండరులోని పిస్టన్లు షూలను బయటికి నెట్టి డ్రమ్ముకు అదుముతాయి. ఇక్కడే ఒక విశేషం ఉంది. బండి ముందుకు పోతున్నప్పుడు ముందువైపు షూను తిరిగే డ్రమ్ము తనలోకి ఇంకా లాక్కుంటుంది. తలుపు కింద దోపిన చెక్కముక్క తలుపును నెట్టేకొద్దీ బిగిసినట్టే ఇదీను. వెనకవైపు షూను అదే రాపిడి వదులు చేస్తుంది. కాబట్టి ముందు షూ లైనరు ఎక్కువ అరిగి కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, అది దాని స్వభావం.

ఈ స్వయంబలం వల్ల కొద్దిపాటి ఒత్తిడితోనే గట్టి పట్టు దొరుకుతుంది. దీనికి మరో వైపు కూడా ఉంది. లైనరు ఘర్షణ కాస్త తగ్గితే డ్రమ్ము పట్టు అంతకు మించి పడిపోతుంది. డిస్కుకు ఆ గుణం లేదు, ఘర్షణ ఎంత తగ్గితే పట్టూ అంతే తగ్గుతుంది. ఒక వెనక చక్రం తడిసి రెండోది పొడిగా ఉంటే, బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగడానికి ఇదే కారణం.

డ్రమ్ముకు బయట చుట్టిన పట్టీలతో తొలినాటి మోటారు బళ్ళను ఆపేవారు. బురద, వాన పడితే అవి జారిపోయేవి. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో షూలను డ్రమ్ము లోపలికి తెచ్చాడు. రోడ్డు చెమ్మ నుంచి షూలను ఆ డ్రమ్ము కప్పు కాపాడుతుంది గానీ, కోనసీమ లంకల్లో కాజ్‌వేమీద పారే నీటిలో బండి దిగిందంటే అదే కప్పు కింద చేరిన నీరు త్వరగా బయటికి రాదు. గట్టెక్కాక కొంతదూరం నెమ్మదిగా నడుపుతూ పెడలుమీద కాలు తేలిగ్గా నొక్కి ఉంచితే రాపిడి వేడికి లైనరు ఆరుతుంది. చేపల బళ్ళది ఇంకా మొండి సమస్య. కరిగిన ఐసు నీరు, రొయ్యల చెరువుల ఉప్పుతడి రోజూ ఇరుసుమీద కారడంతో షూల సర్దుబాటు మర, హ్యాండ్ బ్రేక్ కేబులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి.

విప్పేముందు ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదలాలి. మన ఒండ్రు నేలలో జాకీ దిగబడుతుంది గనక దాని కింద మందపాటి పలక తప్పదు. ఎత్తాక ఇరుసు కింద స్టాండు పెట్టకుండా చెయ్యి లోపల పెట్టకూడదు. డ్రమ్ము రాకపోతే సుత్తి ఎత్తేముందు దాని ముఖం చూడండి. చాలా డ్రమ్ములకు మరలున్న రెండు రంధ్రాలు ఉంటాయి. సరిపడే బోల్టులు వాటిలో సమంగా బిగిస్తే డ్రమ్ము తనంతట తనే బయటికి జరుగుతుంది. ఒక పక్క పని పూర్తయ్యేదాకా రెండో పక్క విప్పకపోతే స్ప్రింగుల అమరికకు నమూనా కళ్ళెదుటే ఉంటుంది. షూలు మాత్రం రెండు పక్కలా మార్చాల్సిందే.

లోపలి నల్లపొడిని గాలిగొట్టంతో ఊదే అలవాటు మానాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తులకు హాని. సబ్బునీళ్ళ గుడ్డతో తుడిస్తే చాలు. కిరోసిన్, డీజిల్ తగిలితే సిలిండరు రబ్బర్లు ఉబ్బిపోతాయి.

లైనరుమీద జిగురు తడి కనిపిస్తే వేలికి అంటించుకుని గ్లాసు నీళ్ళలో ముంచండి. నీళ్ళలో కలిసిపోతే అది బ్రేక్ ఆయిల్, కారుతున్నది వీల్ సిలిండరు. పైన పొరగా తేలితే గేరాయిల్, పోయింది ఇరుసు సీలు. కారణం సరిచేయకుండా కొత్త లైనర్లు వేస్తే అవీ నానిపోతాయి. డ్రమ్ములో లోతైన గాళ్ళుంటే లేతు పట్టించాలి, కానీ డ్రమ్ముమీద పోతపోసిన గరిష్ఠ వ్యాసం దాటితే మార్చడమే మేలు.

నీళ్ళలో కలిసే ఆ గుణమే బ్రేక్ ఆయిల్‌కు శత్రువు కూడా. గాలిలోని తేమను అది మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. చదును రోడ్లమీద ఈ తేడా తెలియదు. మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. సరుకుతో రెండున్నర టన్నుల బండి 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి ఆగితే పుట్టే వేడి దాదాపు 350 కిలోజౌళ్ళు. అదే బండి 300 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకుల ఆధారంగానే దిగితే, అలా వరసగా ఇరవైసార్లు ఆగినంత వేడి పుడుతుంది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, ఆయిల్లో ఆవిరి బుడగలు లేస్తే పెడలు నేలకు దిగుతుంది. అందుకే తక్కువ గేరులో ఇంజనుతో బండిని పట్టి దిగాలి, రెండేళ్ళకోసారైనా ఆయిల్ మార్చాలి.

సిలిండరు మార్చినా, గొట్టం విప్పినా ఆయిల్లో చేరిన గాలి తీయడం తప్పదు. మన బళ్ళలో పెడలు నొక్కే మాస్టర్ సిలిండరు కుడివైపు ఉంటుంది గనక సాధారణంగా దానికి బాగా దూరమైన వెనక ఎడమ చక్రంతో మొదలుపెడతారు. గాలి పోయాక కూడా వెనక పట్టు చాలకపోతే ఇరుసు పైన చూడండి. కొన్ని పికప్‌లలో ఇరుసుకు కడ్డీతో కట్టిన ఒక వాల్వు, కమాన్లు ఎంత కుంగాయో బట్టి వెనక బ్రేకులకు ఒత్తిడి పంచుతుంది. ఎక్కువ సరుకు వేసేందుకు అదనపు కమాన్ పట్టీలు వేయిస్తే బండి కుంగదు. నిండా లోడున్నా ఖాళీ బండనుకుని వాల్వు వెనక ఒత్తిడి తగ్గిస్తుంది. ఆ కడ్డీ కొలత సరిచేయడం ఇంటి దగ్గర పని కాదు, వర్క్‌షాపుకు తీసుకెళ్ళాలి.