పాత నాణేల ఆన్‌లైన్ సేకరణ: పండుగ రాయితీలు, కొనుగోలు అదను

దసరా, దీపావళి వేళల్లో ఆన్‌లైన్ అంగళ్లు ప్రకటించే తగ్గింపులు ప్రధానంగా కొత్త సరుకుకు సంబంధించినవి. అమ్ముడైనకొద్దీ కర్మాగారం నుంచి తెప్పించుకోగల వస్తువుకే అవి గిట్టుబాటవుతాయి. పాత వస్తువును తిరిగి తయారుచేయలేరు. ఉప్పల్, నాచారం ప్రాంతాల సేకర్తలకు ఈ భేదాన్ని నాణేలు స్పష్టం చేస్తాయి.

ఈ ప్రాంతానికి చేరువలోని చర్లపల్లిలో 1997 నుంచి భారత ప్రభుత్వ టంకశాల పనిచేస్తోంది. హైదరాబాదు నాణేలపై సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉంటుంది. నాచారంలో రామకృష్ణ స్టూడియో నెలకొల్పిన ఎన్.టి. రామారావు శతజయంతి స్మారకంగా నూరు రూపాయల నాణెం 2023 ఆగస్టు 28న విడుదలైంది. ఇటువంటి నాణేలను టంకశాల నిర్ణీత ధరకే అమ్ముతుంది. ఆ అవకాశం దాటితే, ధరను చేతులు మారే విపణి నిర్ణయిస్తుంది. కనుక వీటి కొనుగోలుకు విడుదల సమయమే అదను.

చార్మినార్ బొమ్మ గల నిజాం కాలపు వెండి రూపాయి ధరలో లోహపు విలువ కూడా ఒక భాగం. ధనత్రయోదశి, అక్షయ తృతీయలకు వెండికి గిరాకీ పెరుగుతుంది. అప్పుడు తగ్గింపు ప్రకటించినా, అసలు ధరను ముందే పెంచి ఉండవచ్చు. కొన్ని వారాల ముందు నుంచి అమ్మకపు ధరలను నమోదు చేసుకుంటే ఈ తేడా బయటపడుతుంది.

పాత నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని, వాటికై ఎలాంటి రుసుమూ వసూలు చేయనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. గడువు పేరిట తొందరపెట్టడం మోసగాళ్లకూ అనుకూలిస్తుంది. అందువల్ల గుర్తు, బరువు, తిరిగి పంపే వెసులుబాటు సరిచూసుకున్న తరువాతే రాయితీని లెక్కలోకి తీసుకోవాలి.