పెట్టె ఒకటి, సర్వర్లు 48

ఫోన్లో ఫొటో తెరుచుకోవడానికి అర సెకను పడితే మనకేం పోదు. బ్యాంకు సర్వర్‌కి మాత్రం అది చాలా ఎక్కువ. ఫ్లాష్ చిప్‌లు ఎంత ఫాస్ట్‌గా ఉన్నా, డేటా కంట్రోలర్లు, స్టోరేజ్ నెట్‌వర్క్ దాటుకుని రావాలి. టైమ్ అక్కడే తినేస్తుంది. అసలు ఆ దారే తీసేస్తే? 2016లో ఈఎంసీ తెచ్చిన డీఎస్ఎస్‌డీ డీ5 చేసిందదే. సర్వర్ లోపల కార్డులు వాడుకునే పీసీఐఈ దారినే కేబుళ్లతో బయటికి లాగి, 144 టెరాబైట్ల ఫ్లాష్ పెట్టెకి 48 సర్వర్ల దాకా నేరుగా కలిపింది. జవాబు సుమారు 100 మైక్రోసెకన్లలో, అంటే సెకనులో పదివేలో వంతులో!

ఇంజినీరింగ్‌గా అదిరిపోయే పనే. కానీ దానికి వేరే కార్డులు, వేరే కేబుళ్లు కావాలి. అదే ఏడాది ‘ఎన్‌వీఎంఈ ఓవర్ ఫ్యాబ్రిక్స్’ ప్రమాణం వచ్చింది. ఈథర్‌నెట్ మీదే దానికి దగ్గరి వేగం దొరుకుతుంటే ఈ పెట్టె ఎవరికి కావాలి? ఈఎంసీని కొన్న డెల్ 2017 మార్చిలో డీ5కి స్వస్తి చెప్పింది.