కబురు ఎవరిది? పూచీ ఎవరిది?

నేడు సమాచారం నేరుగా మన అరచేతిలోకి వచ్చి వాలుతోంది. పిల్లల జ్వరం మొదలు ధార్మిక సందేహం వరకు దేనికైనా క్షణాల్లో సమాధానం దొరుకుతోంది. ఇది కాదనలేని మేలు. అయితే ఆ సమాధానం ఎవరిది? తప్పని తేలితే పూచీ వహించేదెవరు? ఈ రెండు ప్రశ్నలనూ మనం మరచిపోతున్నాం.

1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు సహచరులతో కలిసి 'లాన్సెట్' వైద్య పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. కేవలం 12 మంది పిల్లల పరిశీలన ఆధారంగా తట్టు, గవదబిళ్ళలు, రూబెల్లాల నివారణ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చన్న అనుమానం రేకెత్తించాడు. తల్లిదండ్రులు భయపడ్డారు. ఇంగ్లాండులో ఆ టీకా పొందిన పసిపిల్లలు 92 శాతం నుంచి 2003-04 నాటికి 80 శాతానికి తగ్గారు. తట్టు మళ్ళీ తలెత్తింది. బ్రయాన్ డీర్ అనే పాత్రికేయుడు లోగుట్టు బయటపెట్టాడు. 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. వేక్‌ఫీల్డ్ వైద్యవృత్తి చేసే అర్హత కోల్పోయాడు. డెన్మార్క్‌లో 6.5 లక్షల మందికి పైగా పిల్లలపై జరిగి, 2019లో వెలువడిన అధ్యయనంలోనూ అలాంటి సంబంధమేదీ కనబడలేదు.

ఇక్కడ తప్పు చేసినవాడూ నిపుణుడే. పట్టా ఒక్కటే నమ్మకానికి హామీ కాదు. కానీ వ్యాసం మీద అతని పేరు ఉంది, దానికి ఆధారాలు చూపవలసిన బాధ్యత ఉంది. అందువల్లనే నిలదీయడం, సరిదిద్దడం సాధ్యమయ్యాయి. ఫోన్లలో చేతులు మారే సందేశానికి పేరూ ఊరూ ఉండవు. అది అబద్ధమని తేలినా, సవరణ అదే దారిలో అందరి ఇళ్ళకూ చేరదు.

2017లో మన దేశంలో తట్టు, రూబెల్లా టీకా కార్యక్రమం సాగినప్పుడు తమిళనాడు, కేరళలలో ఇలాంటి సందేశాలే వ్యాపించాయి. టీకా వల్ల సంతానం కలగదన్న పుకారు వాటిలో ఒకటి. వాస్తవమేమిటి? గర్భిణికి రూబెల్లా సోకితే కడుపులోని బిడ్డ చూపు, వినికిడి, గుండె దెబ్బతినవచ్చు. గర్భస్రావమూ జరగవచ్చు. సంతానాన్ని కాపాడే టీకానే సంతానానికి శత్రువుగా చిత్రించారన్నమాట!

కబురు మూలాన్ని అడగడం మనకు కొత్త కాదు. హదీసు వేత్తలు ఉల్లేఖనంతోపాటు దాని ఉల్లేఖకుల పరంపరనూ పరీక్షించారు. ఎవరు ఎవరి వద్ద విన్నారు, వారి జ్ఞాపకశక్తి ఎంతటిది, సత్యసంధత ఎలాంటిదని ఆరా తీశారు. నమ్మదగని వ్యక్తి వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోవాలనీ, లేకపోతే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ దివ్యఖుర్ఆన్ 'హుజురాత్' సూరా 6వ ఆయతులో హెచ్చరించింది.

ఈ పద్ధతిని మన ఇళ్ళలో పాటించడం కష్టమేమీ కాదు. సందేశం రాగానే మూడు విషయాలు అడుగుదాం: చెప్పినవారెవరు? ఆ విషయం వారికెలా తెలుసు? తప్పయితే జవాబు చెప్పేదెవరు? సమాధానం దొరకనప్పుడు, ఆరోగ్య విషయమైతే వైద్యుణ్ణి, ధార్మిక విషయమైతే ఆలిమ్‌ను అడుగుదాం. అంతవరకు దాన్ని మరొకరికి పంపకుండా ఆపుదాం. పంపిన క్షణం నుంచి ఆ పరంపరలో మనమూ ఒక ఉల్లేఖకులమే.