కరెంటు తయారయ్యే ఊళ్లో కరెంటు పొదుపు ఎందుకు?

 

"సార్, మా బాపు పనిచేసేదే పవర్ ప్లాంట్‌లో. కరెంటు తయారుచేసే ఊళ్లో కరెంటు పొదుపేంటి?" అని ఒక పిల్లవాడు అడిగాడు. క్లాసంతా నవ్వింది. కానీ ప్రశ్న మంచిది. దానికి జవాబు పిల్లల కంటే ముందు పెద్దలకే తెలియాలి, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక యూనిట్ కరెంటు లెక్క చూడండి. బొగ్గుతో ఒక యూనిట్ తయారు కావాలంటే ఇంచుమించు ఏడు వందల గ్రాముల బొగ్గు కాలాలి. మన దేశపు బొగ్గులో మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే బూడిద ఉంటుంది. అంటే యూనిట్‌కు దాదాపు పావు కిలో బూడిద మిగులుతుంది. నీళ్లు సుమారు మూడు లీటర్లు పోతాయి. (పాత కూలింగ్ టవర్ ప్లాంట్లు యూనిట్‌కు 3.5 లీటర్లు దాటకూడదని కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో నిబంధన పెట్టింది.) వేరే ఊళ్లో ఉన్నవాళ్లకు ఇవి పుస్తకంలో అంకెలు. మనకు అలా కాదు. బొగ్గు మన పక్క గనుల్లోదే, నీళ్లు ఇరాయి డ్యాంవి, బూడిద వాసన కూడా మనకు కొత్త కాదు.

ఆ ఇరాయి నీళ్లే చంద్రపూర్ పట్నం తాగుతుంది. 2010 ఎండాకాలంలో డ్యాంలో నీళ్లు చాలక ప్లాంటులో యూనిట్లు ఆపాల్సి వచ్చిన సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు ఏడాది, 2009లో, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. చంద్రపూర్‌కు 83.88 వచ్చాయి, నాలుగో స్థానం. బడిలో అయితే సంతోషపడే మార్కులే. అక్కడ మాత్రం ఎన్ని ఎక్కువ వస్తే అంత చెడ్డ.

ఇప్పుడు అసలు విషయం. మనింట్లో ఒక బల్బు బంద్ చేస్తే మన చిమ్నీ పొగ తగ్గుతుందా? నేరుగా తగ్గదు. కరెంటు గ్రిడ్‌లోకి పోతుంది. మనం మిగిల్చినది రాష్ట్రంలో ఎక్కడో ఒక బాయిలర్‌లో తగ్గుతుంది. అది కూడా మంచిదే. కానీ ప్లాంటు లోపల పొదుపు చేసిన కరెంటు సంగతి వేరు.

బొగ్గు ప్లాంటు తాను తయారుచేసిన ప్రతి వంద యూనిట్లలో ఏడెనిమిది తానే వాడుకుంటుంది. బొగ్గు పొడిచేసే మిల్లులు, పెద్ద పెద్ద ఫ్యాన్లు, నీటి పంపులు, కన్వేయర్లు, కంప్రెసర్లు, లైట్లు, అన్నీ దాంట్లోనే. మన ప్లాంటు సామర్థ్యం 2,920 మెగావాట్లు. పూర్తి లోడు మీద నడిస్తే రోజుకు ఏడు కోట్ల యూనిట్లు. అందులో ఏడు శాతం లోపలి ఖర్చు అనుకుంటే 49 లక్షల యూనిట్లు. ఆ లోపలి ఖర్చులో నూటికి ఒక్క వంతు తగ్గించినా రోజుకు 49 వేల యూనిట్లు మిగులుతాయి. బయటికి అమ్మే కరెంటు అంతే, కానీ సుమారు 34 టన్నుల బొగ్గు కాల్చక్కర్లేదు. పన్నెండు టన్నుల బూడిద, లక్షన్నర లీటర్ల నీళ్లు మిగులుతాయి. అదంతా ఇక్కడే, మన ఊళ్లోనే.

కాబట్టి మీరు ఇంట్లో ఆపే బల్బు కన్నా డ్యూటీలో గమనించే చిన్న లోపం చాలా పెద్దది. బొగ్గు లేకుండా ఖాళీగా తిరుగుతున్న కన్వేయర్, పట్టపగలు వెలుగుతున్న యార్డు లైట్లు, గాలి పైపు దగ్గర 'సుయ్' అనే చప్పుడు. ఈ మూడోదాన్ని ఎవరూ లెక్కచేయరు, గాలే కదా పోతోంది అనుకుంటారు. ఆ గాలిని నొక్కి పెట్టడానికి కంప్రెసర్ రాత్రింబవళ్లు కరెంటు తాగుతోంది. కారేది గాలి కాదు, కరెంటు.

"కాంట్రాక్టు కార్మికుడు చెబితే ఎవరు వింటారు సార్?" అంటారు. నిజమే, చాలాచోట్ల వినరు. నోటితో చెప్పింది గాలికి పోతుంది. షిఫ్టు రిజిస్టర్‌లో తేదీతో రాయించండి, భద్రతా మీటింగులో నలుగురి ముందు చెప్పండి. గనుల్లో పనిచేసేవాళ్లకూ ఇదే మాట. రోడ్డు మీద నీళ్లు చల్లకపోయినా, లారీకి తాడిపత్రి కట్టకపోయినా ఆ దుమ్ము ముందు పోయేది మీ ఊపిరితిత్తుల్లోకే. అడగడం తప్పు కాదు.

క్యాంటీన్ చెత్త గురించి కూడా ఒక మాట. మిగిలిన అన్నం గోడ అవతల పారేస్తే కుక్కలు, పందులు చేరతాయి. వాటి కోసం చిరుత వస్తుంది. 2022 ఫిబ్రవరిలో మన ఊర్జానగర్, దుర్గాపూర్‌లలో ఒకదాని వెంట ఒకటిగా జరిగిన దాడుల్లో ఒక కార్మికుడు, పదహారేళ్ల కుర్రవాడు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాటికి చెత్తే కారణమని నేను అనను, పక్కనే తాడోబా అడవి ఉంది. కానీ పిలిచి మరీ తెచ్చుకోవద్దు.

మన చుట్టాలు చాలామంది ఉన్న రామగుండం చూడండి. అక్కడి ఎన్టీపీసీ ప్లాంటు చెరువు మీద తేలే సోలార్ పలకలు పరిచారు. వంద మెగావాట్లు, 500 ఎకరాలు. 2022 జూలై 1 నుంచి పూర్తిగా నడుస్తోంది. నీడ పడటం వల్ల ఏడాదికి 32.5 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు ఆవిరి కాకుండా మిగులుతాయని అంచనా. బొగ్గు ప్లాంటులోనే ఈ పని జరిగింది.

బడి కూడా పని చేసే చోటే, కాబట్టి మన లెక్కా చూద్దాం. పది గదుల బడి, గదికి రెండు పాత ఫ్యాన్లు అనుకుందాం. ఒక్కోటి 75 వాట్లు. రోజుకు ఆరు గంటలు తిరిగితే తొమ్మిది యూనిట్లు. అదే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే 3.6 యూనిట్లే. రెండు వందల పనిదినాల్లో 1,080 యూనిట్లు, అంటే ముప్పావు టన్ను బొగ్గు మిగిలినట్టు. ఎండకు భయపడి మిగతా మహారాష్ట్ర కంటే ఆలస్యంగా బడులు తెరిచే ప్రాంతం మనది, ఫ్యాన్లు లేకుండా కూర్చోమని ఎవరూ అనరు. కాలిపోయిన పాత ఫ్యాన్‌కు మళ్లీ వైండింగ్ చేయించే బదులు కొత్త రకం కొందాం అంటున్నాను, అంతే.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ప్రతి శనివారం బడి మీటరు రీడింగ్ తీసి నోటీసు బోర్డు మీద రాయాలి. పోయిన వారం కన్నా ఎన్ని యూనిట్లు, ఎన్ని కిలోల బొగ్గు, ఎంత బూడిద అన్నది కూడా పక్కన రాయాలి. తల్లిదండ్రుల్లో ప్లాంటులో గానీ గనిలో గానీ ఎలక్ట్రికల్ పని చేసేవాళ్లు ఒక శనివారం గంటసేపు వచ్చి పిల్లలకు మీటరు చదవడం నేర్పితే బాగుంటుంది. ఏ షిఫ్టులో ఉన్నారో పిల్లల డైరీలో రాసి పంపండి, దాన్నిబట్టి సమయం పెడతాం.