ఫార్ములా లేకున్నా లెక్క తేల్చొచ్చు!

ఇంటర్ మ్యాథ్స్-2బిలో నిశ్చిత సమాకలనులు చదివే ఉంటారు. ఫార్ములా వేస్తారు, లిమిట్లు ప్రతిక్షేపిస్తారు, జవాబు వస్తుంది. మరి ఫార్ములానే లేకపోతే? చేతిలో నాలుగు రీడింగులే ఉంటే? అలాంటప్పుడు అక్కరకొచ్చేదే రీమాన్ సమ్.

పట్టీలుగా కోయండి

ఒక బండి వేగం పెరుగుతూనే ఉందనుకోండి. 10 నిమిషాలకోసారి స్పీడోమీటర్ చూస్తే గంటకు 0, 30, 48, 60 కిలోమీటర్లు. అరగంటలో ఎంత దూరం వెళ్లింది?

వేగం-కాలం గ్రాఫ్ కింద ఉన్న వైశాల్యమే దూరం. దాన్ని 10 నిమిషాల (గంటలో ఆరో వంతు) వెడల్పుతో మూడు నిలువు పట్టీలుగా చేయండి. ఒక్కో పట్టీని దీర్ఘచతురస్రం అనుకోండి.

* ఎడమ అంచు ఎత్తు తీసుకుంటే: (0+30+48)÷6 = 13 కి.మీ.
* కుడి అంచు ఎత్తు తీసుకుంటే: (30+48+60)÷6 = 23 కి.మీ.

వేగం ఎక్కడా తగ్గలేదు కాబట్టి అసలు దూరం ఈ రెండింటి మధ్యే ఉండాలి. సగటు 18 కి.మీ. ట్రెపిజాయిడల్ రూల్ ఇచ్చే జవాబూ ఇదే!

పట్టీలు పెంచితే?

వై = ఎక్స్² వక్రం కింద 0 నుంచి 1 వరకు కచ్చితమైన వైశాల్యం 1/3. నాలుగు పట్టీలతో ఎడమ మొత్తం 0.21875, కుడి మొత్తం 0.46875. వంద పట్టీలైతే 0.32835, 0.33835. పట్టీలు పెరిగేకొద్దీ రెండూ 1/3కి చేరువవుతాయి. జర్మన్ గణితవేత్త బెర్న్‌హార్డ్ రీమాన్ 1854లో సమాకలనిని నిర్వచించింది ఇలాంటి మొత్తాల అవధిగానే.

ఇంకో కిటుకు: పట్టీ మధ్యబిందువు దగ్గర ఎత్తు తీసుకుంటే నాలుగు పట్టీలతోనే 0.328125 వస్తుంది. అంటే ఎడమ అంచుతో వంద పట్టీలు వేసినంత పని!

ఇవి మరవొద్దు

* మూడు పట్టీలకు నాలుగు రీడింగులు కావాలి. ప్రోగ్రామ్ రాసేటప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే.
* వక్రం పైకీ కిందికీ ఊగుతుంటే అసలు విలువ ఎడమ, కుడి మొత్తాల మధ్యే ఉంటుందన్న హామీ లేదు.
* గేట్ సివిల్, మెకానికల్ సిలబస్‌లోని ట్రెపిజాయిడల్, సింప్సన్ రూల్స్‌కు పునాది ఈ ఆలోచనే.

ఇంటర్వ్యూలో ‘జవాబు ఎంత?’ అన్న ప్రశ్నతో ఆగకపోవచ్చు. ‘ఎంత తేడా ఉండొచ్చు?’ అని కూడా అడిగితే పై రెండు మొత్తాలే మీ సమాధానం.

ఇప్పుడు మీ వంతు. అదే వక్రానికి 0 నుంచి 2 వరకు నాలుగు పట్టీలతో చేయండి. 1.75, 3.75 వచ్చాయా? అయితే విషయం పట్టుబడినట్టే!